‘ప్రశాంతం’ అని రాసింది నేనే

సంపాదకుల వారికి నమస్కారం.

ఎన్నికలైన మర్నాడు ఏ పేపరు తిరగేసినా మా కోనసీమ గురించి ఒకే ముక్క ఉంటుంది: ‘చెదురుమదురు ఘటనలు మినహా పోలింగ్ ప్రశాంతం’. 2024 మే 13 పోలింగ్ అప్పుడూ అంతే. ఆ రోజు పల్నాడులో, తాడిపత్రిలో తలలు పగిలాయి. ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయమని ఎన్నికల సంఘం చెప్పాల్సి వచ్చింది. మా రేవు దగ్గర టీకొట్లో కూర్చున్నవాళ్లు పేపరు మడిచిపెట్టి, ‘మనది గోదారి జిల్లా అండీ, మనకాడ అలాంటియ్యి ఉండవండీ’ అని మురిసిపోయారు. నేను మాత్రం మురవలేకపోయాను. ఎందుకంటే ఆ ‘ప్రశాంతం’ అనే మాట ఒకప్పుడు నా చేత్తో నేనే రాశాను. ఎలా రాశానో ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు మళ్లీ పంచాయతీ ఎన్నికల మాట వినిపిస్తోంది కాబట్టి మీకు చెబుతున్నాను.

1998 ఫిబ్రవరి, లోక్‌సభ ఎన్నికలు. నేనప్పుడు స్కూల్ అసిస్టెంటుని. ప్రిసైడింగ్ అధికారిగా ఒక లంక ఊరికి వేశారు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు ఇప్పటికీ నన్ను చూస్తే బండి ఆపి పలకరిస్తారు. ఇనప్పెట్టెలు, బ్యాలెట్ పుస్తకాలు, సిరా సీసా, లక్క అన్నీ వేసుకుని పంటు మీద ఏరు దాటి, చీకటిపడే వేళకి బడికి చేరాం. రాత్రి భోజనం ఊరి పెద్ద ఇంటి నుంచి వచ్చింది. కోడికూర, గారెలు, అరిటాకులు. స్థానికుల ఆతిథ్యం తీసుకోవద్దని మాకు శిక్షణలో చెప్పారు. ఏటి మధ్య ఊళ్లో హోటలుండదని ఆ చెప్పినాయనకి తెలియదు. తిన్నాం.

మర్నాడు మధ్యాహ్నం మూడింటిదాకా అంతా సవ్యంగానే నడిచింది. వరస పల్చబడ్డాక నలుగురు కుర్రాళ్లు లోపలికొచ్చారు. ‘పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నారు మేస్టారూ, అలా బయటికెళ్లి బొండం తాగి రండి’ అన్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. నా ధైర్యం అంతవరకే. బ్యాలెట్ కాగితాల వెనక నా సంతకాలు అప్పటికే చేసి ఉన్నాయి. జాబితాలోంచి పేర్లు ఏజెంట్లే చదివారు. కువైట్ వెళ్లిన ఆడవాళ్లు, హైదరాబాదులో తాపీపని చేసుకుంటున్నవాళ్లు, ఆ ఏడు సంక్రాంతికే దినం అయిపోయిన ఒక ముసలాయన. కౌంటర్‌ఫాయిళ్ల మీద వేలిముద్రలు పడ్డాయి. ఎన్ని పడ్డాయో లెక్కపెట్టలేదు, అరవై దాటే ఉంటాయి.

రెండు పార్టీల ఏజెంట్లూ పక్కపక్కనే ఉన్నారు. చిన్న మాట తేడా రాలేదు. ముందు రోజు రాత్రే మాట్లాడుకున్నారట: ఊళ్లో లేనివాళ్ల ఓట్లు చెరిసగం. వచ్చినవాడు అసలు ఓటరు కాదని అనుమానమొస్తే ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు, రూలుంది. ఆ గదిలో ఆ రెండు రూపాయలు తీసినవాడు లేడు. నేనైనా పోలింగ్ ఆపవచ్చు. ఉన్న ఒక్క కానిస్టేబులు బయట తాటాకు పందిరి కింద ఉన్నాడు, కేకేస్తే వినపడే దూరమే. కేకెయ్యలేదు. చీకటిపడితే పంటు ఉండదు, ఆ పెట్టెలతో అవతలి ఒడ్డుకి వెళ్లాలి. సాయంత్రం ప్రిసైడింగ్ అధికారి డైరీ తీసి ‘పోలింగ్ ప్రశాంతంగా జరిగింది’ అని రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధం లేదు. అంత ప్రశాంతమైన పోలింగ్ నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

అందుకే కోనసీమలో గొడవలు లేవంటే నాకు సంతోషం కన్నా ముందు అనుమానం వస్తుంది. పోట్లాట లేకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. అందరికీ న్యాయం జరిగి ఉండొచ్చు. లేదా పోట్లాడాల్సిన ఇద్దరూ ముందే పంచుకుని ఉండొచ్చు. పేపర్లో రెండింటికీ ఒకటే మాట.

2013లో రిటైరయ్యాను. ఆ తర్వాత కొన్నాళ్లు భాగవత సప్తాహాలు, మనవడి లెక్కలు. 2019 ఎన్నికల ముందు రాష్ట్రమంతా ఫారం 7ల గొడవ రేగింది, మీకు గుర్తుండే ఉంటుంది. ‘ఫలానావాళ్ల ఓటు తీసెయ్యండి’ అని లక్షల్లో దరఖాస్తులు ఆన్‌లైన్లో వచ్చిపడ్డాయి. మా బూత్ ఓటర్ల జాబితా చూసే బీఎల్ఓ అంగన్‌వాడీ టీచరు, ఒకప్పుడు నా దగ్గర ఆరో తరగతి చదివింది. ఒక సాయంత్రం కాగితాల కట్ట పట్టుకుని మా ఇంటికొచ్చింది. ‘ఇయ్యన్నీ ఒకాయన పేరు మీదే వచ్చాయండి మేస్టారూ. ఆయన్నడిగితే నాకేం తెలీదమ్మా అంటన్నాడండి’ అంది. ఆ కట్టలో మా పక్కింటి కోడలి పేరుంది. ఆ అమ్మాయి కువైట్లో ఉంటుంది. నాకు 1998 నాటి ఆ గది కళ్లముందు కదిలింది. అప్పుడు ఊళ్లో లేనివాళ్ల ఓట్లు వేసేశారు, ఇప్పుడు తీసేస్తున్నారు.

ఆ కట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. అలా మొదలైంది మా పని. మాకు సంఘం పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, బ్యానరు లేదు. ఒక రిటైర్డు పోస్ట్‌మాస్టరు, ఇద్దరు డ్వాక్రా లీడర్లు, ఒక కొబ్బరి దింపు కార్మికుడు, చేపలపట్టు నుంచి ఒకాయన, మీసేవలో పనిచేసి మానేసిన ఒక అమ్మాయి, నేను. ఊళ్లో ‘లిస్టు బ్యాచీ’ అంటారు. మేం కనిపెట్టిన పనేం కాదిది. ఒకప్పుడు మన తూర్పుగోదావరికి కలెక్టరుగా చేసిన జయప్రకాశ్ నారాయణ గారు 1996లో లోక్‌సత్తా ఉద్యమం మొదలుపెట్టినప్పటి నుంచీ, ఓటర్ల జాబితాని జనమే సరిచూసుకోవాలన్న మాట వింటూనే ఉన్నాం. అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు 1999లో ఏడీఆర్ అనే సంస్థ పెట్టి కోర్టుకెళ్లబట్టే, 2002లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి అభ్యర్థులు కేసులూ ఆస్తులూ అఫిడవిట్లో రాయాల్సి వచ్చింది. (ఆ అఫిడవిట్లు ఒకసారి మా ఊళ్లో పైకి చదివాం. కేసుల సంగతి ఒక్కరూ అడగలేదు. ‘ఎకరాలెన్నండీ? బంగారమెంతండీ?’ అని మాత్రం రెండేసి సార్లు చదివించుకున్నారు.)

మేం చేసేదల్లా ఓటర్ల జాబితాని పైకి చదవడం. ముసాయిదా రాగానే జిరాక్స్ తీయించి, సాయంత్రం పూట, ఇంటి నంబరుతో సహా ఒక్కో పేరూ గట్టిగా. వినడానికి ఏముంటుంది అనుకుంటారు. మొదటి ఏడు నేనూ అలాగే అనుకున్నాను. కానీ జాబితా కంప్యూటర్లో ఉన్నంతసేపూ అది ఆఫీసుది. పైకి చదివితే ఊరిది అవుతుంది. ‘అప్పలస్వామి’ అని ఒక పేరు చదవగానే ‘ఆయన పోయి మూడేళ్లయిందండే’ అని ఒకరంటారు. ‘ఆయన కాదెహె, ఆళ్ల చిన్నాన్న, ఈయన శుభ్రంగా ఉన్నాడు’ అని ఇంకొకరు. ఆ తగువు అక్కడే తీరాలి. లేకపోతే బతికున్న అప్పలస్వామి పేరు పోయి, చనిపోయిన అప్పలస్వామి ఓటేస్తాడు.

మొదటి ఏడు మేం చేసిన తప్పూ చెప్పాలి. రామాలయం అరుగు మీద కూర్చుని చదివాం. ఊరి మధ్య కదా, అందరికీ దగ్గర అనుకున్నాం. దళితుల పేట నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చారు, వాళ్లూ దూరంగా నిలబడ్డారు. తర్వాత వారం నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి నన్ను ఆపి, ‘మీ అరుగు మీద మా పేర్లు చదివితే మాకెలా వినపడతాయి మేస్టారూ’ అంది. ముప్పైమూడేళ్లు పాఠాలు చెప్పినవాడికి ఆ ముక్క తోచలేదు. అప్పటి నుంచీ మూడు చోట్ల చదువుతున్నాం. రామాలయం దగ్గర, పేటలో చర్చి ముందు, చేపలపట్టులో వలలు ఆరేసే దిబ్బ మీద. చర్చి ముందు చదివింది నేను కాదు, ఆ అమ్మాయే. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద గొడవ రేగి 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాక, నెలల తరబడి ఒక వీధివాళ్లు ఇంకో వీధికి వెళ్లడానికి జంకారు. మా మధ్య మిగిలిన ఉమ్మడి పని ఆ జాబితా ఒక్కటే. మూడు చోట్లా చదివిన తప్పొప్పుల్ని ఒకే పుస్తకంలో రాసి ఒకేసారి ఇచ్చాం.

మా లంకలది ఇంకో చిక్కు. ఏటా ఏరు కోసేస్తుంది. 2022 జులై వరదకి ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ కోతకి మా ఊరి పడమటి వరసలో ఇళ్లు పోయాయి. వాళ్లు ఏటిగట్టు మీదికి వచ్చి రేకులు వేసుకున్నారు. జాబితాలో మాత్రం పాత ఇంటి నంబర్లే. తనిఖీకొచ్చిన కొత్త ఉద్యోగి ఆ నంబర్ల ఇళ్లు లేవని ‘వలస వెళ్లారు’ అని రాసుకుంటున్నాడు. పక్కనే నిలబడిన ఒక ముసలమ్మ, ‘నా ఇల్లు గోదాట్లో ఉంది బాబూ, నేనిక్కడే ఉన్నాను’ అంది. ఫారం 8 నింపితే చిరునామా మారుతుంది, అయిదు నిమిషాల పని. కానీ ఆ ఫారం ఒకటుందని గట్టు మీదున్నవాళ్లకి ఎవరు చెప్పాలి? ఆవిడ తన పేరు వినపడ్డాక రెండోసారి చదవమంది. చదివాను.

కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లిన ఆడపిల్లల సంగతికి మాకింకా దారి దొరకలేదు. విదేశంలో పనిచేసుకుంటున్న మన పౌరులు పాస్‌పోర్టులోని చిరునామా మీద ఫారం 6ఏ పెట్టుకుని ఓటరుగా ఉండొచ్చు. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా బూతుకి రావాలి. ఇంట్లో పని చేసి నెలనెలా డబ్బు పంపే పిల్ల టికెట్టు కొనుక్కుని ఓటు కోసం వస్తుందా? పేరు తీసేస్తే ఆ తల్లిదండ్రులకి కూతురు ఊళ్లోంచి తెగిపోయినట్టు ఉంటుంది. ఉంచితే ఎవడో వేస్తాడు. అందుకని పోలింగ్ ముందు ఊళ్లో లేనివారి, మారిపోయినవారి, చనిపోయినవారి జాబితా బీఎల్ఓ తయారుచేసేటప్పుడు మేం పక్కన కూర్చుని పేర్లు సరిచూస్తాం. ఆ జాబితా ప్రిసైడింగ్ అధికారి చేతికి వెళుతుంది. అందులోని పేరుతో ఎవరైనా వస్తే ఒకటికి రెండుసార్లు పరీక్ష చేసి వేలిముద్ర కూడా తీసుకోవాలి. అన్ని పార్టీల ఏజెంట్లకీ ఆ పేర్లు తెలిసేలా చూస్తాం. 1998లో నా బల్ల మీద ఆ ఒక్క కాగితం ఉంటే కేకేసేవాణ్నని చెప్పలేను. ఆ నలుగురు కుర్రాళ్లు మాత్రం ఇంకొంచెం ఆలోచించేవాళ్లు.

యంత్రాల గురించి అడుగుతారు. రాష్ట్రంలో ఎవరు ఓడిపోతే వాళ్లు యంత్రాన్ని తిడుతున్నారు, గెలిచినప్పుడు అదే యంత్రం మంచిది. అనుమానం ఉన్నవాడు పొద్దున్నే మాక్ పోలింగ్‌కి ఏజెంటుని పంపించాలి, కనీసం యాభై ఓట్లు వేసి లెక్క చూపిస్తారు. ఓటేశాక వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనపడుతుంది, అది చూసుకోవాలి. పోలింగ్ ముగిశాక 17సి ఫారం కాపీ అడిగి తీసుకోవాలి. ఎన్ని ఓట్లు పోలయ్యాయో అందులో ఉంటుంది, అక్కడున్న ప్రతి ఏజెంటుకీ కాపీ ఇవ్వాలని రూలు. 2024లో మా బూత్‌లో రెండు పక్షాల ఏజెంట్లూ కాపీలు తెచ్చి మా పోస్ట్‌మాస్టరు గారి అరుగు మీద పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. అంకె కలిసింది. ఇంతకంటే నాకు యంత్రం గురించి చెప్పాలని లేదు.

ఆ ఎన్నికల్లో రాష్ట్రంలో పోస్టల్ ఓట్లతో కలిపి 81 శాతం దాటి ఓట్లు పడ్డాయి, పోలింగ్ రోజున కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటినా వరసలు తరగలేదు. మా బూత్‌లో ఎండకి ముసలివాళ్లు సొమ్మసిల్లుతుంటే వంద మీటర్ల గీత అవతల మజ్జిగ పెట్టాం. ఒక్క సంగతి. గొడుగులు తేవాలంటే పసుపు పనికిరాదు, నీలం పనికిరాదు, ఎరుపు పనికిరాదు, కాషాయం పనికిరాదు, ఆకుపచ్చ సందేహం. చివరికి నల్లగొడుగులే మిగిలాయి. ఒకావిడ ‘ఎవరు పోయారండీ’ అని అడిగింది.

డబ్బు దగ్గర మాత్రం మేం ఓడిపోయాం, దాచుకోను. పోలింగ్ ముందు రాత్రి వీధి వీధికీ కవర్లు వచ్చాయి. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఏడాది వరకూ జైలు ఉండొచ్చని చట్టం. అందుకే ఇద్దరూ నోరెత్తరు. ఎన్నికల సంఘం వారి ఫిర్యాదుల యాప్ సీ విజిల్‌లో ఫొటో పెడితే వంద నిమిషాల్లో చర్య ఉంటుందని మా మీసేవ అమ్మాయి ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఇచ్చేది పరాయివాడు కాదు. పాలుపోసే ఆయన, పొద్దున్నే పాలతో పాటు ఇస్తాడు. ఏం ఫొటో తీస్తుంది? మా లిస్టు బ్యాచీలో ఒకరి ఇంట్లోనే కవరు తీసుకున్నారు. ఇక మా ఇంటి సంగతి. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ‘పక్కింటికిచ్చి మనింటికివ్వలేదంటే మనల్ని మనుషుల్లో లెక్కెయ్యలేదన్నమాట’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఇక పంచాయతీ ఎన్నికలు. వీటిని పెట్టేది ఢిల్లీలో ఉండే ఎన్నికల సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. మా ఊళ్లో చాలామందికి ఈ తేడా తెలియదు, తప్పు జరిగితే, 1990ల్లో ఎన్నికల ప్రధాన కమిషనరుగా చేసిన శేషన్ గారికి ఉత్తరం రాద్దామనేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ పంచాయతీ జాబితా పుట్టేది అసెంబ్లీ జాబితాలోంచే. అందులో లేని పేరు ఇందులో రాదు. పైగా వార్డుల వారీగా విడదీసేటప్పుడు ఒక ఇల్లు రెండు వార్డుల్లో తేలుతుంది. సర్పంచి గెలుపు పది పన్నెండు ఓట్ల మీద తేలే ఊళ్లివి.

ఇంకోటి ఏకగ్రీవం. 2021 ఫిబ్రవరి ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన పంచాయతీలకి జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం అన్నారు. ఊరంతా నిజంగా ఒక్క మాట మీదుంటే సంతోషమే. నాకు తెలిసిన ఏకగ్రీవాల్లో ఊరంతా ఎక్కడా కూర్చోలేదు. పెద్దవాళ్లు కూర్చున్నారు. గుడి ప్రహరీకి ఇంత, సిమెంటు రోడ్డుకి ఇంత అని సర్పంచి పదవికి వేలంపాట పాడారు. పేటవాళ్లకి మర్నాడు చెప్పారు. అక్కడ తలలు పగల్లేదు. మీరు అప్పుడూ ‘ప్రశాంతం’ అనే రాశారు. తప్పు మీది కాదు, నాలాంటివాడు ఎవడో పొద్దున్నే అలా చెప్పి ఉంటాడు.

నేను అడిగేది చిన్నదే. పంచాయతీ జాబితా ముసాయిదా రాగానే ప్రతి వార్డులోనూ, ఆ వార్డులోనే, పైకి చదవాలి. సచివాలయం గోడకి అంటించి పని అయిందనుకోకూడదు. తీసేసిన పేర్లు విడిగా, ఎందుకు తీశారో కారణంతో, రేషన్ డిపో దగ్గర పెట్టాలి. అక్కడికైతే అందరూ వస్తారు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. బీహార్లో 2025లో ముసాయిదా నుంచి పోయిన దాదాపు 65 లక్షల పేర్లనీ కారణాలతో సహా బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పింది, పెట్టారు. అరవై అయిదు లక్షలు పెట్టగలిగినప్పుడు మా ఊరివి నలభయ్యో యాభయ్యో పెట్టలేరా? ఇక మీకు. పోలింగ్ రోజున మా మండలానికి ఇద్దరు విలేకరులు వస్తారు, వరసలో నిలబడ్డ వృద్ధురాలి ఫొటో తీసుకుంటారు, వెళ్లిపోతారు. ఆ ఇద్దరిలో ఒకరిని జాబితా చదివే రోజున పంపండి. ఫొటోకి పనికొచ్చేదేం ఉండదు. పేర్లు, దగ్గులు, మధ్యలో ఎవరో ఒకరి తగువు.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి చేపలపట్టు దిబ్బ మీద చదువుతున్నాం. రేవు దగ్గర ఎవరినడిగినా చెబుతారు. వెనక్కి వెళ్లే ఆఖరి పంటు ఆరున్నరకి.

ఇట్లు,
ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు,
డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కోనసీమ జిల్లా

(నా పేరు, చిరునామా విడి కాగితం మీద రాశాను. నా కోసం కాదు గాని, 1998లో నాతో ఉన్న పోలింగ్ సిబ్బంది ఇంకా ఇక్కడే ఉన్నారు. పేరు వేయవద్దని మనవి.)